నా కండ్లు పచ్చబడ్డ ఏడాది

బాన్సువాడ బస్టాండు ముందట నాకు చెరుకు రసం బండి ఉన్నది. బిచ్కుంద బస్సులు, కోటగిరి ఆటోలు అన్నీ నా బండి పక్కనుంచే తిరుగుతయి. ఎండకాలంల ముఖం తుడుచుకునే తీరిక గూడ దొరకది. నేను గడలు మిషన్‌ల పెట్టి తిప్పుత. నా భార్య నిమ్మకాయలు కోసుకుంట, అల్లం తరుక్కుంట గ్లాసులు అందిస్తది. పెండ్లైనప్పటి సంది ఇద్దరం ఆ బండి కాడ పక్కపక్కన నిలబడే బతికినం. మా కొట్లాటలు గూడ గిరాకీ లేని యాల్లనే అయితయి.

మా ఇద్దరికి హెచ్‌ఐవీ ఉన్నది. అది ఎట్లొచ్చింది, ఎవరి నుంచి ఎవరికొచ్చింది అనే ముచ్చట ఒక్క పూట కూసొని మాట్లాడుకున్నం, ఏడ్చినం, మళ్ళ ఎన్నడు తియ్యలే. బయట ఎవ్వరికి చెప్పలే. మా అత్తకు చెప్పలే, నా భార్య అన్నకు చెప్పలే. జిల్లా టౌన్‌ల సర్కారు దవాఖానల మందుల సెంటర్ ఉన్నది, నెలకోసారి పోయి గోళీలు తెచ్చుకుంటం. బస్టాండుల అడిగినోళ్ళకు మాత్రం "మిషన్ బేరింగ్ పోయింది, తేవాలె" అని చెప్పేటోన్ని. ఏండ్ల సంది నెలకో బేరింగ్ కొంటున్న మనిషిని చూసి బస్టాండంత జాలిపడేది.

నా భార్య అన్న, అంటే మా బావ, కోటగిరి రూటుల ఆటో నడుపుతడు. ఆయన ఒకనాడు గట్టిగనే అన్నడు: "బావా, గీ మిషన్ నీకు అంటగట్టినోన్ని ఒక్కసారి చూపియ్యి. నేను మాట్లాడ్త వానితోని."

"పోనియ్యి బావా, అలవాటైంది" అన్న.

అట్ల నడుస్తుండంగ ఒకసారి రక్తపరీక్ష చేసి మమ్మల్ని ఇద్దరిని రమ్మని ఫోన్ చేసిండ్రు. సెంటర్‌ల కౌన్సిలర్ మేడం ఉంటది. చిన్న వయసు, మెత్తగ మాట్లాడ్తది, ఎంతమంది ఉన్నా ఇసుక్కోదు. మమ్మల్ని కూసోబెట్టి తలుపు దగ్గరికేసింది.

"అన్నా, మీ వైరల్ లోడ్, అంటే రక్తంల వైరస్ లెక్క, బాగ పెరిగింది" అన్నది. "అక్కది మాత్రం మంచిగున్నది. అసలు కనిపిస్తనే లేదు."

నా భార్య పరీక్షల ఫస్ట్ క్లాస్ వచ్చిన పిల్ల లెక్క కుర్చీల సదురుకొని కూసున్నది. నా దిక్కు చూసినాక మళ్ళ ముఖం చిన్నగ చేసుకున్నది.

"గోళీలు మర్చిపోతున్నరా?"

"లేదు మేడం. రోజు ఇద్దరం ఒక్కటే యాల్లకు, ఒక్కటే చెంబు నీళ్ళతోని ఏసుకుంటం."

ఆమె నా డబ్బ తీసుకొని గోళీలన్నీ బల్ల మీద పోసింది. లెక్కపెట్టింది. మళ్ళ లెక్కపెట్టింది. ఫికర్ పడుకుంట నా ముఖం చూసింది.

"మరీ సరిగ్గున్నయి అన్నా."

"సరిగ్గుంటె తప్పా మేడం?"

"తప్పు గాదు. కానీ మనిషన్నంక ఒకటో రెండో మిగుల్తయి. ఒక్కటన్నా మిగిలితే నేను నమ్మేదాన్ని. కొందరు తొవ్వల పారేసి, లెక్క సరిజేసుకొని వస్తరు."

నా భార్య నన్ను కాపాడాలని ముందటికి జరిగింది. "నా కండ్ల ముందటనే మింగుతడు మేడం. నేను చూస్తనే ఉంట."

మేడం ఆమె దిక్కు తిరిగి, చానా నిదానంగ, బాధ పెట్టొద్దని జాగ్రత్త పడుకుంట అడిగింది. "అక్కా, ఏమనుకోవద్దు. అన్న గోళీ గూడ మీరే మింగుతలేరు గదా?"

"నేనెందుకు మింగుత! నా గోళీకే నాకు తల తిరుగుతది!"

ఇద్దరం అంత గట్టిగ మాట్లాడినా ఆమె కోపం తెచ్చుకోలే. మంచినీళ్ళిచ్చి సమజ్ చేసింది. గోళీలు మధ్యమధ్యల తప్పితే వైరస్ ఆ మందును కనిపెడ్తదంట. తన రూపం మార్చుకొని మందుకు అందకుంట తిరుగుతదంట. ఇగ ఆ మందు ఎంత మింగినా నీళ్ళు తాగినట్టే. అప్పుడు మందులు మార్చాలె. కానీ మార్చేటియి తక్కువ, మార్చినాక ఎనకకు రాలేం. గందుకే మింగుట్ల తప్పు లేదని ముందుగాల తేలాలె.

"ఏ మందుకు లొంగుతలేదో చూసే పరీక్ష లేదా మేడం?"

"ఉన్నదన్నా. కానీ మన దిక్కు అందరికి చేసేది గాదు. మన కాడ రక్తం రెండుసార్లు చూస్తం. నడుమల మనిషిని చూస్తం."

ఇగ మూడు నెలలు నన్ను చూసుడే పని. నెలనెలా పోయి కూసునేది, ఆమె అడిగేది, నేను చెప్పేది. చెరుకు రసం మీద గూడ అనుమానమొచ్చింది. "రోజు ఎన్ని గ్లాసులు తాగుతరు అన్నా?" అంటే "అమ్ముడు మొదలుపెట్టినప్పటి సంది ఒక్క గుక్క తాగలే, వాసనొస్తేనే కడుపుల తిప్పుతది" అన్న. అది గూడ నమ్మలే. చెరుకు బండోడు చెరుకు రసం తాగడంటె ఎవరు నమ్ముతరు?

గోళీ ఏసుకున్నంక నోరు తెరిసి నాలుక చూపిచ్చి, ఆ వీడియో పంపుమన్నది. నా భార్య ఫోన్ పట్టుకొని నిలబడేది, నేను గోళీ మింగి ఆ అనేటోన్ని, నాలుక పైకి, కిందికి. ఒకనాడు మేం గదే పనిల ఉంటే మా బావ లోపటికొచ్చిండు.

"ఏందిది?"

"పన్ను నొస్తుందట" అన్నది నా భార్య, ఫోన్ దించకుంటనే.

మరునాడు బావ లవంగాల నూనె తెచ్చిచ్చిండు. మనిషి ప్రేమ మనిషి. ఆయన చూస్తుంటే బాగున్న పన్నుకు దూది పెట్టుకొని కూసున్న.

విచిత్రమేందంటె, లోపట వైరస్ ఎగబాకుతున్న ఆ నెలలల్లనే బస్టాండుల అందరు నన్ను మెచ్చుకునేది. కొంచెం ఒళ్ళు చేసిన. "అన్నా, ఈ నడుమ మంచి కళొచ్చిందే నీకు" అని కండక్టర్లు అనేది. పక్కన అరటిపండ్ల బండి పెట్టే భాయ్ అయితే, "క్యా ఖారే మియా? ఏం తింటున్నవో మాక్కూడ చెప్పు" అని నా భుజం చరిచేది. నేను నవ్వేటోన్ని. ఇంటికి పోయినంక అద్దంల చూసుకుంటే నిజంగనే మంచిగ కనపడేటోన్ని. దాంతోని ఇంకింత భయమయ్యేది.

రెండో పరీక్షల లోడ్ ఇంకా పెరిగింది. కౌన్సిలర్ మేడం ఆ కాయిదం రెండుసార్లు చదివింది. "మీరు నిజమే చెప్పిండ్రు అన్నా" అన్నది. ఆమె కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. నేనే ఆమెకు ధైర్యం చెప్పాల్సొచ్చింది.

పెద్ద సెంటర్‌కు పంపిండ్రు. అక్కడ డాక్టర్లు వరుసగ కూసొని నా కాయిదాలు ఒకరి తర్వాత ఒకరు చూసిండ్రు. అందర్ల పెద్దాయన అద్దాలు తీసి అడిగిండు. "గోళీలు సరిగ్గనే వేసుకున్నవా?"

"వేసుకున్న సార్."

"ఇద్దరు ఒక్కటే మందు వాడినా ఒక్కరికే పనిచెయ్యకపోవచ్చు. దేహం దేహానికి ఫరక్ ఉంటది. ఎందుకైందో ఇప్పుడు తేల్చి చెప్పలేం" అని చాయ్ తెప్పియ్యమన్నడు.

మూడు నెలల పంచాయితి, నా నాలుక వీడియోలు, నా భార్య మీదొచ్చిన అనుమానం, అన్నీ ఆ చాయ్ రాకముందే ముగిసినయి.

"నిన్ను రెండో వరుస మందులకు, అంటే సెకండ్ లైన్‌కు మారుస్తున్నం" అన్నడు.

"దీని తర్వాత మూడో లైన్ ఉంటదా సార్?"

"ఉంటది. కానీ నువ్వు ఈ లైన్ల నిలబడు."

బుద్ధిగ తలూపిన. గోళీలు మారినయి. అన్నం తిన్నంకనే వేసుకోవాలన్నరు. గ్యాస్ గోళీలు గానీ, చెట్ల మందులు గానీ అడగకుంట ముట్టొద్దన్నరు. బయటికి లేస్తుంటె ఒక లేడీ డాక్టర్ ఎనకకు పిలిచి చెప్పింది. "కొందరికి దీంతోని కండ్లు పసుపు పచ్చగైతయి. భయపడకు. అది రోగం గాదు, మందు గుణం. లివర్ ఎట్లున్నదో రక్తంల మేం చూసుకుంటం."

సరే అన్న. ప్రాణం నిలిస్తే చాలు, కండ్లు ఏ రంగైతే నాకేంది అనుకున్న. చెరుకు బండి సంగతి అప్పుడు యాదికి రాలే.

మా దిక్కు ఎవరికన్నా పసిరికలైతే, అంటే కండ్లు పచ్చగై మనిషి నీరసపడితే, ముందుగాల తాగిపిచ్చేది చెరుకు రసమే. నిమ్మకాయ ఎక్కువ, ఐసు వద్దు అని చెప్పి బాటిళ్ళల్ల పోయించుకొని పోతరు. నా గిరాకీల సగం ఎండ పంపింది, మిగిలిన సగం పసిరికలు పంపినయి. గసొంటి బండి ఎనక ఇప్పుడు పచ్చటి కండ్లేసుకొని నేను నిలబడ్డ.

మొదలు చూసింది భాయే. చిల్లర కోసమొచ్చి నా ముఖం చూసి ఎనకకు జరిగిండు. "అరే, ఆంఖా పీలే పడ్ గయే తుమారే! ఏంది మియా, రోజంత దవాయి అమ్మి నీకే పసిరికలా?"

"ఏం లేదు భాయ్, ఎండకు" అన్న.

సాయంత్రం దాక బస్టాండంత ఎరుకైంది. బిచ్కుంద బస్సు దిగిన ఒకామె గ్లాసు చేతికి తీసుకొని, నోటి దాక తెచ్చి, నా కండ్లు చూసి, గ్లాసు మెల్లగ బండి మీద పెట్టి ఎళ్ళిపోయింది. "రసంల నుంచి అంటుకుంటదేమో" అన్నరు కొందరు. "రసం పనిచేస్తే అమ్మెటోనికే ఎందుకొస్తది" అన్నరు ఇంకొందరు. ఏ మాట నెగ్గినా గిరాకీ పోయేది నాదే.

నల్లద్దాలు కొనుక్కున్న. వాటితోని కత మరింత చెడ్డది. కండ్లకలక వచ్చిందనుకొని బండికి పది గజాల దూరంల తిరిగిపోవట్టిరి. నా భార్య "తియ్యుర్రి, సినిమల విలన్ లెక్క ఉన్నరు" అని వాటిని గుంజి పారేసింది. అప్పుడు భాయ్ ఒక ఉపాయం చెప్పిండు. "నువ్వు అటు తిరిగి మిషన్ తిప్పు. ముఖం అక్కది, పని నీది."

ఇగ కొన్నాళ్ళు నేను గిరాకీకి వీపు పెట్టి చెరుకు తిప్పిన. గోడకు అంటించిన ఎన్నికల పోస్టర్‌ను, దాన్ని ముక్కుతోని పొడిచే కోడిని చూసుకుంట నా దినం గడిచేది. ఎవరన్నా "అన్నా, నిమ్మకాయ ఎక్కువ పిండు" అంటే గోడకే జవాబు చెప్పేటోన్ని. కొత్తగొచ్చినోళ్ళు నాకు పొగరనుకునేది.

ఆ దినాలల్ల ఇంటికొచ్చిన మందులకు అంతు లేదు. ఒకామె ముల్లంగాకు తెచ్చింది. ఒకాయన మెడల ఏసుకోమని ఏదో తీగ పుల్లల దండ తెచ్చిండు, అది పొడుగైతాంటె పసిరికలు దిగుతున్నట్టంట. నా భార్య అన్నీ రెండు చేతులతోని తీసుకొని, దండం పెట్టి, వాళ్ళు గల్లి మలుపు తిరగంగనే చెరుకు పిప్పిల కలిపేది.

మా బావను మాత్రం గట్ల పంపలేకపోయినం. ఆయన పొద్దుగాలనే ఆటో ఇంటి ముందట ఆపి హారన్ కొట్టిండు.

"ఎక్కు బావా. కోటగిరి అవతల పసిరికల తాత ఉన్నడు. ఆయన చెయ్యి పడ్డంక కండ్లు తెల్లగ కానోడు ఇయ్యాల్టి దాక లేడు."

"నాకు బాగనే ఉన్నది బావా."

"కండ్లు చూసుకున్నవా? నా చెల్లె ముఖం చూసన్నా ఎక్కు."

చెల్లె నా దిక్కు చూసింది, అన్న దిక్కు చూసింది. ఆమె ఏం చెప్తది? ఎక్కిన.

కాలువ గట్టు మీదికెళ్ళి పోయినం. రెండు దిక్కుల వరి నాట్లు పడ్డయి, ట్రాక్టర్లు బురదల తిరుగుతున్నయి. తాత ఇల్లు కాలువను ఆనుకొనే ఉన్నది. ముసలాయన, తెల్లటి ధోతి, మాట చానా తియ్యగ. పైసలు తీసుకోడు. నా కనురెప్పలు కిందికి గుంజి చూసిండు, గోళ్ళు చూసిండు.

"బాగ ముదిరింది కొడుకా. ఫికర్ చెయ్యకు" అని ఆకులు నూరిన ముద్ద నా అరచేతుల పెట్టిండు. "మింగు."

బావ పక్కనే చేతులు కట్టుకొని నిలబడ్డడు. చెట్ల మందులు ముట్టొద్దన్న డాక్టరమ్మ మాట చెవుల మోగుతుంది. ముద్ద నోట్లేసుకొని నాలుక కింద పెట్టి, గొంతు కదిలిచ్చి, మింగినట్టు చేసిన. తాత నమ్మిండు. నాలుక చూపియ్యమనలే. బయటికొచ్చి కాలువల ముఖం కడుక్కుంటున్నట్టు వంగి ఉమ్మేసిన. నోరంత చేదు.

తాత ఇంటికి మందు పొట్లాలిచ్చి, ఉప్పు లేని పత్యం చెప్పిండు. బావ రోజు మధ్యాహ్నం ఆటో ఆపి నా టిఫిన్ డబ్బల వేలు పెట్టి నాకి చూసేది, ఉప్పున్నదా లేదా అని. కూర చప్పగ ఉండాలె కాబట్టి చప్పగనే తిన్న. మందు పొట్లాలు మాత్రం పిప్పిలకు పోయినయి.

వారాలు గడిచినయి. కండ్లు ఇంకింత పచ్చబడ్డయి. బావ మళ్ళ రెండుసార్లు తోలుకపోయిండు. తాత మొదలు నిబ్బరంగ ఉన్నడు, తర్వాత మందు మోతాదు పెంచిండు, తర్వాత నా కండ్ల దిక్కు చూసుడే తగ్గించిండు. ఆటోలల్ల తిరిగేటోళ్ళు మాట్లాడుకునుడు మొదలైంది. తాత చెయ్యి గుణం పోయిందంట, బాన్సువాడ చెరుకాయనకు ఎన్నిసార్లిచ్చినా పనిచేస్తలేదంట. ఆయన వాకిట్ల మనుషులు తగ్గిండ్రని బావ బాధపడుకుంట చెప్పిండు.

ఒక మధ్యాహ్నం తాతే బస్సు దిగి నా బండి కాడికొచ్చిండు. స్టూల్ వేసి కూసోబెట్టినం. నా భార్య రసమిచ్చింది. తాగకుంట గ్లాసు పట్టుకొనే కూసున్నడు. మనిషి చిక్కిపోయిండు.

"కొడుకా, నిజం చెప్పు. ఉప్పు తిన్నవా?"

"లేదు తాతా."

"మటన్ తిన్నవా?"

"లేదు."

"పోనీ కల్లు?"

"ముట్టలే తాతా."

నేను లేదన్నకొద్ది ఆయన ముఖం వాడిపోతుంది. "ఏదన్నా ఒక్కటి తిన్ననని చెప్పు బిడ్డా" అన్నడు. "నాకు ఈ మందు నేర్పిన మా నాయినకు గూడ ఎన్నడు గిట్ల కాలేదు."

నాకు ప్రాణం ఉసూరుమన్నది. నా వల్ల ఆ ముసలాయన రాత్రులు నిద్ర పోతలేడు. నా భార్య దిక్కు చూసిన. ఆమె చిన్నగ తలూపింది.

"తాతా, నేను నీ మందు మింగనే లేదు" అన్న.

"ఏమన్నవ్?"

"ఒక్కసారి గూడ మింగలే. ఉమ్మేసిన. పొట్లాలు పారేసినం."

కొడ్తడేమో అనుకున్న. ఆయన గ్లాసు పక్కన పెట్టి, నా రెండు చేతులు దొరకబుచ్చుకొని కండ్లకద్దుకున్నడు. "నన్ను బతికిచ్చినవ్ కొడుకా! సల్లగుండు!" అని లేచి నిలబడి బస్టాండుకు ఇనపడేటట్టు ఒర్రిండు. "ఇన్నరా! మింగలేదంట! ఈయన మందు మింగనే లేదంట!"

భాయ్ అరటి గెల వదిలిపెట్టి ఉరికొచ్చిండు. కండక్టర్లు వచ్చిండ్రు. బిచ్కుంద బస్సులకెళ్ళి తలకాయలు బయటికొచ్చినయి. తాత ఒక్కొక్కరికి చెప్పుకుంట, రసం మొత్తం తాగి, ఇంకో గ్లాసు అడిగి తాగి, వచ్చిన బస్సుకే ఎక్కి పోయిండు.

అప్పుడే ఆటో ఆపి అంత ఇన్న మా బావ ఇగ మొదలుపెట్టిండు.

"ఎందుకు మింగలే? పని ఇడిసిపెట్టి తిప్పిన గదా నిన్ను! ఎందుకు మింగలేదో నాకు ఇప్పుడే చెప్పాలె!"

నా దగ్గర జవాబున్నది గానీ చెప్పేది గాదు. అందరు నన్నే చూస్తుండ్రు. చివరికి నా భార్య నోరు తెరిసింది.

"చేదుంటదట" అన్నది.

బావ ఆమెను చూసిండు, నన్ను చూసిండు. "చేదా?" అన్నడు. ఆటో స్టార్ట్ చేసుకొని ఎళ్ళిపోయిండు. అప్పట్నుంచి చానాదినాలు నా బండి ముందటికెళ్ళి పోతూ గూడ తల తిప్పలే. చేదుకు భయపడి సావనన్నా సస్తడు గానీ మందు మింగడు అని బస్టాండుల నాకు పేరు పడ్డది. చిన్నపిల్లలకు మందు తాగిపిచ్చేటప్పుడు తల్లులు నన్ను చూపిచ్చి భయపెట్టేది.

గదే రోజులల్ల సెంటర్‌ల పరీక్ష అయింది. ఫలితం కోసం ఇద్దరం పోయినం. తలుపు తియ్యంగనే కౌన్సిలర్ మేడం లేచి నిలబడ్డది.

"అన్నా! కనిపిస్తలేదు! మీది గూడ కనిపిస్తలేదు!"

నాకు వెంటనే సమజ్ కాలే. నా భార్యకు అయింది. కొంగు నోట్ల పెట్టుకొని అక్కడ్నే కూలబడ్డది. మేడం ఆమెను లేపుకుంట నా ముఖం పరీక్షగ చూసింది. డబ్బ బయటికి తీసి బల్ల మీద పెట్టబోయిన.

"వద్దన్నా. మీ కండ్లు చూస్తేనే తెలుస్తుంది గోళీలు వేసుకుంటున్నరని. ఈసారి లెక్క పెట్ట."

వచ్చేటప్పుడు బస్సుల జాగ లేకుండె. ఒక ముసలవ్వ నా కండ్లు చూసి లేచి నిలబడి "కూసో బిడ్డా, ఎన్నాళ్ళుంటవో ఏమో" అని తన సీటిచ్చింది. వద్దన్నా ఇనలే. నా బతుకుల అంత సంబురం ఎన్నడు లేని దినం, ఆమె నిలబడి నన్ను చూసి కండ్లు తుడుచుకుంట వచ్చింది. నేను నవ్వు ఆపుకోలేక కిటికీ దిక్కు తిరిగిన. బాన్సువాడల దిగినంక గూడ నవ్వుతనే ఉన్న. భాయ్ చూసి నా భార్యను పక్కకు పిలిచిండు. "అక్కా, పసిరికలు మెదడుకెక్కినట్టున్నయి. జర జాగ్రత్త."

కానీ నవ్వుతోని బండి నడువది. తర్వాత మా సెంటర్‌కు పోయినప్పుడు అక్కడి డాక్టరుతోని చెప్పిన. "సార్, మందు మంచిగ పనిచేస్తుంది. బతుకే నడుస్తలేదు." ఆయన ముందుగాల నవ్విండు. గోడకు తిరిగి చెరుకు తిప్పుతున్న సంగతి చెప్తే నవ్వుడు ఆపిండు. పెద్ద సెంటర్‌కు రాసిండు, అక్కడ మళ్ళ కూసొని చూసిండ్రు. ఇప్పుడు వేరే గోళీ వచ్చింది, దాంతోని కండ్లు పచ్చబడయి అని మార్చిండ్రు. కొన్ని వారాలకు కండ్లు తెల్లబడ్డయి. పరీక్ష మళ్ళ చేసిండ్రు, వైరస్ మళ్ళ కనపడలే.

బస్టాండు దాని తీర్పు అది చెప్పుకున్నది. నేను చివరికి బుద్ధొచ్చి తాత మందు చాటుకు తెప్పించుకొని మింగిన్నంట. బావ ఆటో ఆపి దిగొచ్చిండు. "మింగినవన్నమాట" అన్నడు. నేను అవుననలే, కాదనలే. ఆయన నా భుజం మీద చెయ్యేసిండు. అన్ని నెలల తర్వాత ఆయన చెయ్యి పడితే, ఒక గ్లాసు రసం నింపి ఆయన చేతుల పెట్టిన. తాత వాకిట్ల మళ్ళ మనుషులు నిండిండ్రు. నా పేరు చెప్పుకొనే వస్తుండ్రని ఆయన ఒక కోడిని పంపిండు.

ఆ కోడి తిన్నంక గూడ నా మనసు కుదుట పడలే. ఎందుకంటె నా దగ్గరికి మనుషులొచ్చుడు మొదలైంది. "అన్నా, నీకు తగ్గిందట గదా, తాత ఇల్లు ఎక్కడ?" అని. నేను "దవాఖానకు పోండ్రి" అనేటోన్ని. "నువ్వు పోయినవా?" అని ఎదురడిగేది. ఏం చెప్పాలె?

ఒకనాడు బిచ్కుంద దిక్కు నుంచి ఆలుమగలు వచ్చిండ్రు, వరి పండిచ్చుకునేటోళ్ళు. ఆయన కండ్లు నావోలె నిమ్మపండు రంగు గాదు, ముదురు పసుపు. కూసున్న కాడనే తూలుతుండు. మాట్లాడితే మాట ముద్దగొస్తుంది. వచ్చేటప్పుడు బస్సుల కక్కిండంట. ఆమె తాత ఇల్లు అడిగింది.

"అక్కా, ముందుగాల దవాఖానకు పోదాం."

"మీ బావ ఆటోల తాత కాడికి తోలుమనన్నా. పుణ్యముంటది."

అప్పటికి బావ గూడ వచ్చి నిలబడ్డడు. "తాత కాడికే పోదాం, ఎక్కుండ్రి" అన్నడు. నేను మిషన్ బంద్ చేసిన. ఆటో ముందట ఆయన పక్కన కూసొని "దవాఖానకు పోనియ్" అన్న. ఏం అంటుండు అన్నట్టు చూసిండు.

"బావా, ఒక్కసారి నా మాట ఇను. నీ చెల్లె మీద ఒట్టు."

ఆటో దవాఖాన దిక్కు తిప్పిండు. బాన్సువాడ దవాఖానల చూసి, లివర్ బాగ దెబ్బతిన్నది, ఇంకా లేటయితే మనిషి దక్కకపోవచ్చు అని, అంబులెన్సుల జిల్లా దవాఖానకు పంపిండ్రు. ఆమె ఒక్కతే, తోడెవ్వరు లేరు. నేను ఎక్కిన. అక్కడ చీటీ ఎక్కడ రాయించుకోవాలె, రక్తం ఎక్కడ ఇయ్యాలె, ఏ డాక్టరు ఏ గదిల ఉంటడు, అన్నీ చకచక చేపిచ్చిన. ఆయనకు సెలైన్ పెట్టినంక ఇద్దరం వరండల గోడకు ఆనుకొని కూసున్నం. కొద్దిసేపటికి ఆమె అడిగింది.

"అన్నా, నీకు ఈ దవాఖాన గింత బాగ ఎట్ల ఎరుక?"

బేరింగ్ ముచ్చట నోటి దాక వచ్చింది. ఎందుకో చెప్పబుద్ధి కాలే. పొద్దున సంది ఆమె నన్ను నమ్మి ఎనక తిరుగుతుంది.

"నాకు హెచ్‌ఐవీ ఉన్నదక్కా. నా భార్యకు గూడ. ఏండ్ల సంది గోళీలకు ఇక్కడికే వస్త. కండ్లు పచ్చబడ్డది గా మందుతోని. పసిరికలు నాకు ఎన్నడు కాలే. తాత మందు నేను ఎన్నడు తినలే."

బయటి మనిషికి ఆ మాట చెప్పుడు అదే మొదలు. ఆమె లేచి దూరం జరుగుతదేమో అని నేలకు చూసుకుంట కూసున్న. ఆమె జరగలే.

"అట్లనా" అన్నది. "మా ఊర్ల ఒకాయన గూడ నెలనెలా షుగర్ పరీక్ష అని ఇటే వస్తడు. చాయ్‌ల మాత్రం రెండు చెంచాల చక్కెర ఏసుకుంటడు."

నా బేరింగ్ ముచ్చట యాదికొచ్చి నాకు నవ్వొచ్చింది. నన్ను చూసి ఆమెకు గూడ నవ్వొచ్చింది. నర్సమ్మ తలుపు తెరిసి, ఈ టైంల నవ్వేందని కసిరింది. ఆమె నవ్వు ఆపుకోకుంటనే లేచి, మంచినీళ్ళు ఎక్కడ పడ్తరో అడిగి, బాటిల్ పట్టుకొని పోయింది.